జట్టులో ఉన్నట్టా, ఆడినట్టా? అంతర్జాతీయ మహిళా హాకీ కెరీర్‌ను ఎలా లెక్కించాలి

విజయవాడ, గుంటూరు వైపు క్రీడాకారుల ప్రస్తావన వస్తే ముందుగా వినిపించే పేర్లు దాదాపు అన్నీ వ్యక్తిగత క్రీడలవే. కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చదరంగంలో విజేతగా నిలిచారు. వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు సాధించారు. కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో బ్యాడ్మింటన్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానానికి చేరారు. ఈ ముగ్గురి ప్రస్థానాన్ని చదవడానికి ప్రత్యేకమైన పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. ఎవరిని ఓడించారు, ఎవరి చేతిలో ఓడారు, ర్యాంకు ఎంత అన్నవి వారి పేరు పక్కనే ఉంటాయి.

ఇదే అలవాటుతో హాకీ క్రీడాకారిణి ప్రస్థానాన్ని చదవబోతే తికమక మొదలవుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె నుంచి భారత జట్టు దాకా వెళ్లిన గోల్‌కీపర్ ఇ. రజని పేరు 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన తెలుగువారి జాబితాల్లో పి.వి. సింధు, సాత్విక్ సాయిరాజ్ పేర్ల సరసన వచ్చింది. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు రాష్ట్రమంతా సంతోషించింది. అయితే మ్యాచ్‌లు చూసినవారికి గోల్‌పోస్టు ముందు ప్రతిసారీ కనిపించింది హర్యానాకు చెందిన సవిత. ‘మన అమ్మాయి ఆడిందా, లేదా?’ అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ప్రశ్న చిన్నదే గానీ, దానికి జవాబు చెప్పాలంటే హాకీలో జట్టు అన్నది ఎన్ని అంచెలుగా ఏర్పడుతుందో ముందు తెలియాలి.

జట్టు అంటే ఒక్క జాబితా కాదు

‘భారత జట్టుకు ఎంపికైంది’ అని పత్రికలో ఒక్క వాక్యంలో వచ్చే వార్త వెనుక కనీసం నాలుగు వేర్వేరు జాబితాలు ఉంటాయి. మొదటిది ప్రాబబుల్స్, అంటే శిబిరానికి పిలుపు అందుకున్నవారు. దీని తర్వాత, దేశంలో ఈ ఆటను నడిపే జాతీయ సమాఖ్య హాకీ ఇండియా ప్రకటించే కోర్ గ్రూప్ ఉంటుంది. ముప్పై, నలభై మంది వరకు ఉండే ఈ బృందం ఏడాదిలో ఎక్కువ కాలం బెంగళూరులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రాంగణంలోనే ఉండి సాధన చేస్తుంది. మూడోది ఒక నిర్దిష్ట టోర్నీకి ప్రకటించే జట్టు. నాలుగోది మ్యాచ్ రోజు అధికారులకు అందజేసే పేర్ల పట్టిక. పదకొండు మంది మైదానంలో ఉంటారు, మిగిలినవారు బెంచి మీద ఉంటారు, హాకీలో ఆటగాళ్ల మార్పిడికి పరిమితి లేదు కనుక బెంచి మీదున్నవారు నిమిషాల వ్యవధిలోనే లోపలికి, బయటికి తిరుగుతూ ఉంటారు.

అంతర్జాతీయ మ్యాచ్ ఆడినందుకు లెక్కలో చేరేదాన్ని ‘క్యాప్’ అంటారు. సాధారణంగా మైదానంలోకి దిగితేనే అది దక్కుతుంది. 2025లో ఆటకు వీడ్కోలు పలికిన ఫార్వర్డ్ వందనా కటారియా 320 మ్యాచ్‌లు, 158 గోల్స్‌తో భారత మహిళా హాకీలో కొత్త కొలమానం నిలిపారు. ఫార్వర్డ్‌కూ మిడ్‌ఫీల్డర్‌కూ ఈ సంఖ్య చాలావరకు న్యాయమే చేస్తుంది, ఎందుకంటే మ్యాచ్ పట్టికలో పేరుంటే ఏదో ఒక క్వార్టర్‌లో (మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో ఒకటి) దిగే అవకాశం దాదాపు ఖాయం. ఈ కొలత తప్పేది గోల్‌కీపర్ దగ్గరే.

గోల్‌కీపర్ లెక్క ఎందుకు వేరు

ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం. హాకీ గోల్‌పోస్టు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. దాని ముందున్న అర్ధవృత్తాకార గీత 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. పెనాల్టీ కార్నర్‌లో, అంటే ఎదుటి జట్టు తప్పిదానికి దాడి చేసే జట్టుకు దక్కే అవకాశంలో, బ్యాక్‌లైన్ నుంచి వచ్చిన బంతిని ఆ గీత దగ్గర ఆపి, అక్కడి నుంచి డ్రాగ్‌ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్) కొడతారు. బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే సెకనుకు 25 మీటర్లు. అంటే గోల్‌కీపర్‌కు దొరికే సమయం అర సెకను కంటే కాస్త ఎక్కువ. ఈలోగా ఎదురుగా నలుగురైదుగురు అడ్డంగా పరుగెత్తుతూ ఉంటారు, బంతి ఎవరి స్టిక్‌కైనా తగిలి దారి మార్చుకోవచ్చు. కాళ్లకు మందపాటి గార్డులు, పాదాలకు కిక్కర్లు, ఛాతీకి రక్షణ కవచం, రెండు చేతులకూ రెండు రకాల గ్లవ్స్, తలకు హెల్మెట్ వేసుకుని, ఆ బరువుతోనే నేలకు వాలి మళ్లీ లేవాలి. అంతర్జాతీయ స్థాయి కిట్ మొత్తం కొనాలంటే లక్ష రూపాయల దాకా, ఒక్కోసారి అంతకు మించి అవుతుంది.

ఈ పనిలో ఫార్వర్డ్‌లా ఏడు నిమిషాలు ఆడి మూడు నిమిషాలు విశ్రాంతి తీసుకోవడం ఉండదు. అలసట అంతగా అడ్డురాదు, మధ్యలో మారిస్తే ఏకాగ్రత చెదిరే ప్రమాదమే ఎక్కువ. అందువల్ల మొదటి గోల్‌కీపర్ గాయపడితేనో, మ్యాచ్ చేజారి కోచ్ మార్పు కోరుకుంటేనో, లేదంటే ముందే అనుకుని ఇద్దరికీ చెరో రెండు క్వార్టర్లు పంచితేనో తప్ప రెండో గోల్‌కీపర్‌కు పని ఉండదు.

ఇక్కడే ఒలింపిక్స్ నిబంధన వచ్చి పడుతుంది. కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో 18 మందిని తీసుకెళ్లవచ్చు, ఒలింపిక్స్‌లో ప్రధాన జట్టు 16 మందికే పరిమితం. ఈ రెండు స్థానాల తేడా కాగితం మీద స్వల్పంగానే కనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే దాని బరువు తెలుస్తుంది. మ్యాచ్ 60 నిమిషాలు. గోల్‌కీపర్ కాక మైదానంలో ఎప్పుడూ పది మంది ఉంటారు. అంటే ఆ పది స్థానాలు కలిసి 600 నిమిషాల ఆట ఆడాలి. పదహారు మందిలో ఒక్క గోల్‌కీపర్‌నే తీసుకుంటే మిగిలిన 15 మందికి సగటున 40 నిమిషాల చొప్పున పడుతుంది. ఇద్దరిని తీసుకుంటే మిగిలేది 14 మంది, ఒక్కొక్కరికి దాదాపు 43 నిమిషాలు. టోక్యోలో భారత మహిళలు 2021 జులై 24 నుంచి ఆగస్టు 6 వరకు, 14 రోజుల్లో 8 మ్యాచ్‌లు ఆడారు. మ్యాచ్‌కు మూడు నిమిషాలకు కాస్త తక్కువగా వేసుకున్నా, టోర్నీ ముగిసేసరికి ప్రతి క్రీడాకారిణి మీదా అదనంగా 23 నిమిషాల భారం పడేది. జపాన్ ఎండలో, వరుస రోజుల్లో మ్యాచ్‌లున్న కార్యక్రమంలో (జులై 30న ఐర్లాండ్‌తో, 31నే దక్షిణాఫ్రికాతో ఆడాల్సి వచ్చింది) ఏ కోచ్ అయినా ఆ స్థానాన్ని పరుగెత్తే కాళ్లకే ఇస్తారు. రెండో గోల్‌కీపర్ సామర్థ్యం మీద అపనమ్మకంతో తీసుకునే నిర్ణయం కాదిది. సామర్థ్యం చర్చకు రాకముందే భాగహారం ఆ నిర్ణయం తీసేసుకుంటుంది.

రజని 2016 రియోకూ, 2021 టోక్యోకూ రిజర్వుగా, అంటే ప్రధాన 16 మందికి బయట ప్రత్యామ్నాయంగా, ఎంపికైన తీరు ఈ లెక్కలోనే ఇమిడి ఉంది. 36 ఏళ్ల తర్వాత, అంటే 1980 మాస్కో తర్వాత, భారత మహిళలు తొలిసారి ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది రియోకే. ఆ రెండు ఒలింపిక్స్‌లోనూ ప్రధాన 16 మందిలో ఉన్న ఏకైక గోల్‌కీపర్ సవిత. సవితా రజనీ ఇద్దరూ 1990లోనే పుట్టారు. ఒకే వయసు, ఒకే స్థానం, ఒకే కాలం. ఆపై సవిత అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారాన్ని వరుసగా మూడుసార్లు అందుకున్న ఆటగత్తె. 18 మందితో వెళ్లే టోర్నీల్లో మాత్రం ఇద్దరి పేర్లూ కలిసే కనిపిస్తాయి: 2018 లండన్ ప్రపంచకప్, అదే ఏడాది రజతం వచ్చిన జకార్తా ఆసియా క్రీడలు, 2022లో న్యూజిలాండ్‌ను షూటౌట్‌లో ఓడించి కాంస్యం సాధించిన బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు.

టోక్యోలో ఒక మెలిక

కోవిడ్ భయంతో టోక్యోలో నిబంధనను కొద్దిగా సడలించారు. రిజర్వులను కూడా ప్రధాన జట్టుతో కలుపుకుని, ప్రతి మ్యాచ్‌కూ ఆ మొత్తంలోంచి కొత్తగా 16 మందిని ఎంచుకునే వీలు కల్పించారు. దీని ఫలితం పురుషుల జట్టులో స్పష్టంగా కనిపించింది. మొదట రిజర్వుగా ఉన్న సిమ్రన్‌జీత్ సింగ్ జర్మనీతో జరిగిన కాంస్య పతక మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టారు. భారత్ 5-4తో గెలిచి 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ హాకీ పతకం అందుకుంది. మరో రిజర్వు వరుణ్ కుమార్ అర్జెంటీనాపై గోల్ చేశారు. అదే జట్టులో రిజర్వు గోల్‌కీపర్‌గా ఉన్న కృషన్ పాఠక్‌కు మాత్రం అవకాశం రాలేదు. మూడేళ్ల తర్వాత పారిస్‌లోనూ ఆయనది రిజర్వు స్థానమే. కనుక సడలింపు వచ్చినా అది మైదానంలో పరుగెత్తేవారికే ఉపయోగపడింది, గోల్‌పోస్టు దగ్గర పరిస్థితి మహిళలకైనా పురుషులకైనా ఒక్కటే.

ఒకే నెలలో రెండు భారత జట్లు

2024 జనవరిలో జరిగిన ఒక సంగతి ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. ఆ నెల మధ్యలో రాంచీలో పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీ జరిగింది. సెమీఫైనల్‌లో జర్మనీతో షూటౌట్‌లో, మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో జపాన్‌తో 0-1తో ఓడి భారత మహిళలు పారిస్ అవకాశాన్ని కోల్పోయారు. ఆ జట్టులో గోల్‌కీపర్లు సవిత, బిచ్చూ దేవి. కొద్ది రోజులకే ఒమన్ రాజధాని మస్కట్‌లో హాకీ ఫైవ్స్ తొలి మహిళల ప్రపంచకప్ జరిగింది. దానికి వెళ్లిన భారత జట్టుకు నాయకురాలు రజని. జట్టు ఫైనల్‌కు చేరి నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడింది.

హాకీ ఫైవ్స్ అంటే చిన్న మైదానంలో, చుట్టూ బోర్డులు పెట్టి, ఒక్కో జట్టుకు ఐదుగురితో ఆడే ఆట. బంతి బోర్డుకు తగిలి తిరిగి వస్తుంది, పెనాల్టీ కార్నర్లు ఉండవు, గోల్‌కీపర్‌కు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. దీన్ని పదకొండు మంది ఆటతో సమానంగా చూడాలా అన్న దాని మీద హాకీ ప్రపంచంలో ఏకాభిప్రాయం లేదు. చిన్న దేశాలకు, టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) లేని చోట్లకు ఆటను చేర్చే మార్గమని సమర్థకులు అంటారు. అసలు హాకీ నైపుణ్యాలు ఇందులో సగమే కనిపిస్తాయని విమర్శకులు అంటారు. నా ఉద్దేశంలో రెండు వాదనల్లోనూ పస ఉంది. ఏదేమైనా, ‘ప్రపంచకప్‌లో భారత్‌కు సారథ్యం వహించింది’ అన్న వాక్యమూ నిజమే, ‘ఆ నెలలో ప్రధాన జట్టులో ఆమె లేదు’ అన్న వాక్యమూ నిజమే. పాఠకుడికి రెండూ చెప్పని వార్త సగం వార్తే.

జీతం ఎవరిస్తారు

హాకీ ఇండియా క్రీడాకారిణులకు నెలజీతం ఇచ్చే యజమాని కాదు. భారత మహిళా హాకీని దశాబ్దాలుగా నిలబెట్టినది భారతీయ రైల్వే. క్రీడాకోటాలో ఉద్యోగమిచ్చి, సాధనకు సెలవు మంజూరు చేసి, జాతీయ పోటీల్లో సొంత జట్టును దించుతుంది. రజని కూడా రైల్వే తరఫునే జాతీయ పోటీలు ఆడారు. విజయవాడ, గుంటూరు రెండూ రైల్వే డివిజన్ కేంద్రాలు కావడంతో, ఈ రెండు ఊళ్లలో క్రీడాకోటా ప్రకటన అంటే ఏమిటో తెలియని క్రీడా కుటుంబం ఉండదు.

ఉద్యోగం కాక వచ్చే ఆదాయంలో స్థిరత్వం తక్కువ. గెలిచిన ప్రతి అంతర్జాతీయ మ్యాచ్‌కూ ఒక్కో క్రీడాకారిణికి 50,000 రూపాయలు ఇస్తామని 2022లో హాకీ ఇండియా ప్రకటించింది. పురుషులకూ మహిళలకూ ఒకే మొత్తం. లీగ్ విషయానికి వస్తే ఆ సమానత్వం కనిపించదు. హాకీ ఇండియా లీగ్ 2013 నుంచి 2017 వరకు పురుషులకే నడిచింది. మహిళల లీగ్ తొలిసారి 2025 జనవరిలో రాంచీలో నాలుగు జట్లతో జరిగింది. దానికి ముందు జరిగిన వేలంలో ఒక్కో మహిళా జట్టు ఖర్చు చేయగల మొత్తం 2 కోట్లు, పురుషుల జట్టుకు 4 కోట్లు. జట్టుకు 24 మంది చొప్పున భాగిస్తే సగటు వాటా మహిళకు 8 లక్షల 33 వేలు, పురుషుడికి 16 లక్షల 67 వేలు. అత్యధిక ధరలను పోల్చితే అంతరం ఇంకా పెరుగుతుంది: ఉదితా దుహాన్‌కు 32 లక్షలు, హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు. హైదరాబాద్ పేరుతో పురుషుల జట్టు ఉంది, తొలి సీజన్‌లో తెలుగు రాష్ట్రాల పేరుతో మహిళల జట్టు ఒక్కటీ లేదు.

లీగ్‌లోనూ గోల్‌కీపర్‌కు పాత చిక్కే. నాలుగు జట్లు, జట్టుకు ఒక గోల్‌పోస్టు. మొత్తం నాలుగే మొదటి స్థానాలు, వాటికి విదేశీ క్రీడాకారిణులతోనూ పోటీ.

ఒక గుంటూరు అమ్మాయి, రెండు దారులు

ఊహాజనితమైన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. గుంటూరులో ఏడో తరగతి చదివే అమ్మాయి పాఠశాల జట్టులో చేరింది. గులకరాళ్లు తేలిన మట్టి నేల మీద బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం కాబట్టి, బంతిని స్టిక్‌కు అతుక్కున్నట్టు దగ్గరగా ఉంచుకోవడం మొదట నేర్చుకుంటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద పోటీలు కృత్రిమ టర్ఫ్‌కు మారాయి. టర్ఫ్‌ను నీటితో తడిపి ఆడతారు, తడి మీద బంతి సూటిగా, చాలా వేగంగా జారుతుంది. మట్టిలో పనికొచ్చిన అలవాటు అక్కడ ఆలస్యంగా మారుతుంది. రాష్ట్ర స్థాయికి చేరి, కాకినాడలోని టర్ఫ్ మీద (2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు అక్కడే జరిగాయి) మొదటిసారి ఆడినప్పుడు బంతి స్టిక్ తాకకముందే దాటిపోతుంది. ఈ సర్దుబాటుకు పట్టే కాలం పద్నాలుగేళ్ల వయసులో అయితే నెలలు, ఇరవై ఏళ్లకైతే చాలాసార్లు కెరీరే.

ఇప్పుడు కోచ్ ఆమెను గోల్‌కీపర్‌గా మారమన్నారనుకుందాం. జిల్లా స్థాయిలో ఇది లాభసాటి సలహా. ఆ కిట్ వేసుకోవడానికి ముందుకొచ్చేవారు తక్కువ కనుక రాష్ట్ర జట్టులో చోటు త్వరగా దొరుకుతుంది. కానీ పైకి వెళ్లేకొద్దీ లెక్క తిరగబడుతుంది. రాష్ట్ర జట్టు 18 మందిలో గోల్‌కీపర్లు ఇద్దరు, ఒలింపిక్ జట్టు 16 మందిలో ఒక్కరు. పైగా ఆ ఒక్కరు త్వరగా తప్పుకోరు. ఫార్వర్డ్ రాణీ రాంపాల్ 2008లో 14 ఏళ్లకే భారత్‌కు ఆడారు, ముప్పై నిండకముందే గాయాలతో జట్టుకు దూరమయ్యారు. గోల్‌కీపర్లు మాత్రం ముప్పై దాటాకే పదును తేరే సందర్భాలు ఎక్కువ. అంటే తప్పు సంవత్సరంలో పుట్టడం కూడా గోల్‌కీపర్ కెరీర్‌ను నిర్ణయించవచ్చు.

రాణి ప్రస్తావన వచ్చింది కనుక ఎంపికల గురించి ఒక మాట. టోక్యోలో జట్టుకు నాయకత్వం వహించిన ఆమె గాయం తర్వాత 2022 ప్రపంచకప్ జట్టులో లేరు, 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకు తిరిగి వచ్చారు, ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు. కోచ్ మారినప్పుడల్లా కొలమానాలు మారుతున్నాయని, కారణాలు బహిరంగంగా చెప్పాలని ఒక వర్గం కోరుతుంది. ఫిట్‌నెస్ వివరాలు, వ్యూహాలు బయటపెట్టడం జట్టుకే చేటని మరో వర్గం అంటుంది. క్రీడాకారిణి వైపు నుంచి చూస్తే, కారణం తెలియని తొలగింపుకు సాధనతో జవాబు చెప్పడం సాధ్యం కాదన్న మాటలో బలముంది.

‘పాల్గొనడం’ అంటే ఏమిటి

ఈ చర్చ కేవలం గౌరవానికి సంబంధించినదైతే ఇంత దూరం తేవలసిన పని లేదు. డబ్బు, ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉన్నాయి. టోక్యో తర్వాత రజనికి 25 లక్షల రూపాయల నగదును, తిరుపతిలో ఇంటి స్థలాన్ని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అంటే ప్రభుత్వం ఆమెను జట్టు సభ్యురాలిగానే పరిగణించింది. 2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, రజతానికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్లు ప్రకటించి, ఉద్యోగాల్లో క్రీడాకోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మొత్తాలు పెరిగేకొద్దీ నిర్వచనం మీద పట్టుదలా పెరుగుతుంది.

కఠినంగా చూసేవారి వాదన ఇది: సింధు కోర్టులో నిలబడి గెలిచినదానికీ, బెంచి వెనుక ఉన్నదానికీ ఒకే మాట వాడితే మాటకు విలువ ఉండదు, ప్రజాధనం ఇచ్చేటప్పుడు మైదానంలో ఆటే గీటురాయి కావాలి. ఉదారంగా చూసేవారు చెప్పేది వేరు: దేశంలోని గోల్‌కీపర్లందరిలో మొదటి ఇద్దరిలో ఒకరిగా ఏళ్ల తరబడి నిలవడమే ఫలితం, శిబిరంలో ఫార్వర్డ్‌లు రోజూ ఎవరి మీద గోల్స్ కొట్టడం నేర్చుకున్నారో ఆమె లేకుండా ఆ జట్టు లేదు, సవితకు జ్వరం వచ్చి ఉంటే ఆస్ట్రేలియాతో క్వార్టర్‌ఫైనల్ ఆడవలసింది ఆమే. మొదటి వాదన వ్యక్తిగత క్రీడల కొలమానంతో జట్టు క్రీడను కొలుస్తున్నదని నాకు అనిపిస్తుంది, అయినా ‘రిజర్వు’ అన్న మాటను దాచి రాయడాన్ని రెండో వాదన కూడా సమర్థించదు.

ఉద్యోగాల దగ్గర ఈ పదం ఎలా పనిచేస్తుందో చూస్తే విషయం తేలిక పడుతుంది. రైల్వే క్రీడాకోటా నిబంధనలు ఒలింపిక్స్‌ను ఒక వర్గంగా, ప్రపంచకప్, ఆసియా, కామన్వెల్త్ క్రీడలను మరో వర్గంగా చూస్తాయి. పై స్థాయి పోస్టులకు మొదటి వర్గంలో ప్రాతినిధ్యమే అర్హత కాగా, రెండో వర్గంలో పతకం అడుగుతాయి. కేంద్ర ప్రభుత్వ క్రీడాకోటాకు జతచేయవలసిన ధ్రువపత్రాల్లో పోటీలకు సంబంధించినవి నాలుగు రకాలు. పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం 4, విశ్వవిద్యాలయాల పోటీలకు ఫారం 3, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఫారం 2, దేశం తరఫున అంతర్జాతీయ పోటీలకు ఫారం 1. చివరిదాన్ని జాతీయ సమాఖ్య తన రికార్డుల ఆధారంగా ఇస్తుంది. అందులో పేరు, టోర్నీ, వేదిక, తేదీలు, జట్టు సాధించిన స్థానం రాస్తారు. ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని నిమిషాలు అని అడిగే గడి అందులో లేదు.